ఫ్రెంచి భాషలో ప్రశ్నార్థక వాక్యములు

ఫ్రెంచి భాషలో ప్రశ్నార్థక వాక్యములను ముఖ్యముగా మూడు విధములుగా నిర్మిస్తారు. మొదటిది, సామాన్య వాక్యమునే చివర స్వరము పెంచి పలకడము. రెండవది, వాక్యమునకు ముందు "ఎస్ క" అనే పదబంధమును చేర్చడము. మూడవది, కర్తగా ఉన్న సర్వనామమును క్రియకు ముందు నుండి క్రియ తరువాతకు మార్చడము. ఈ మూడింటి అర్థము ఒకటే, కాని అవి వాడే సందర్భములు వేరు. స్నేహితునితో మాట్లాడేటప్పుడు ఒకటి, తరగతిలోనో దుకాణములోనో మరొకటి, అర్జీలోనో గ్రంథములోనో ఇంకొకటి తగినవిగా ఉంటాయి. కాబట్టి ఫ్రెంచి నేర్చుకొనేవారు ప్రశ్న నిర్మాణముతో పాటు, ఏ ప్రశ్నను ఎవరితో ఎక్కడ వాడాలో కూడా తెలుసుకోవలసి ఉంటుంది.

తెలుగులో "మీరు వస్తారు" అనే వాక్యము చివర "ఆ" చేరిస్తే "మీరు వస్తారా?" అనే ప్రశ్న ఏర్పడుతుంది. పదముల వరుస మారదు. ఫ్రెంచిలో ఇటువంటి ప్రత్యయము ప్రామాణిక భాషలో లేదు. తెలుగు మాతృభాషగా గలవారికి ఫ్రెంచి ప్రశ్నలు మొదట కొత్తగా తోచడానికి ఇదే ముఖ్య కారణము.

ఉచ్చారణ గురించి

ఈ వ్యాసములో ఫ్రెంచి మాటలను ఉచ్చారణను బట్టి తెలుగు లిపిలో ఇచ్చాము. ముక్కుతో పలికే అచ్చులను అరసున్నతో సూచించాము. ఉదాహరణకు "ఫ్రాఁసే" (ఫ్రెంచి భాష), "త్రేఁ" (రైలు). "త్యు" (నువ్వు) అనే మాటలోని అచ్చు తెలుగులో లేదు. "ఉ" అనేటప్పటి వలె పెదవులు గుండ్రముగా చేసి, నాలుకతో "ఇ" పలికితే ఆ ధ్వనికి దగ్గరగా వస్తుంది. "జ" (నేను) అనే మాటను తెలుగు "జ" కంటె మెత్తగా, నాలుక పై అంగిలిని తాకకుండా పలకాలి.

రెండు రకముల ప్రశ్నలు

ఫ్రెంచి వ్యాకరణములు ప్రశ్నలను రెండుగా విభజిస్తాయి. వాక్యములోని విషయమంతా నిజమా కాదా అని అడిగేది సంపూర్ణ ప్రశ్న. దీనికి అవును, కాదు అని జవాబు చెప్పవచ్చు. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు వంటి మాటలతో వాక్యములోని ఒక భాగమును మాత్రమే అడిగేది పాక్షిక ప్రశ్న. పైన చెప్పిన మూడు విధానములు ఈ రెండు రకములకూ వర్తిస్తాయి.

స్వరభేదముతో ప్రశ్న

"వూ పార్లే ఫ్రాఁసే" అంటే "మీరు ఫ్రెంచి మాట్లాడతారు" అని అర్థము. ఇదే వాక్యమును చివర స్వరము పైకి లేపి "వూ పార్లే ఫ్రాఁసే?" అంటే ప్రశ్న అవుతుంది. రాతలో ప్రశ్న గుర్తు ఒక్కటే తేడా. ఫ్రాన్సు దేశపు అచ్చు పద్ధతిలో ప్రశ్న గుర్తుకు ముందు చిన్న ఖాళీ వదులుతారు.

నేటి ఫ్రెంచి సంభాషణలో సర్వసాధారణముగా వినిపించే విధానమిదే. ఇంట్లో, స్నేహితుల మధ్య, వీధిలో ఇది సహజముగా ఉంటుంది. పరీక్ష వ్యాసములోను, అధికారికమైన ఉత్తరములోను దీనిని వాడరు.

"ఎస్ క" చేర్చి ప్రశ్న

ఈ పదబంధములో మూడు మాటలు కలిసిపోయి ఉన్నాయి: "ఎ" (అయి ఉన్నది), "స" (అది), "క" (అని). విడివిడిగా అర్థము తీస్తే "… అన్నది నిజమేనా" అన్నట్లు ఉంటుంది. నేడు ఆ అర్థమును ఎవరూ ప్రత్యేకముగా తలచుకోరు. ప్రశ్న రాబోతున్నదని వినేవారికి ముందుగా తెలిపే గుర్తుగా మాత్రమే ఇది పనిచేస్తుంది.

"ఎస్ క వూ పార్లే ఫ్రాఁసే?" (మీరు ఫ్రెంచి మాట్లాడతారా?)

దీని తరువాత వాక్యము యథాతథముగా ఉంటుంది. తరువాతి మాట అచ్చుతో మొదలైతే "క" లోని అచ్చు లోపిస్తుంది. "ఎస్ క" తరువాత "ఇల్" (అతడు) వస్తే "ఎస్ కిల్", "ఎల్" (ఆమె) వస్తే "ఎస్ కెల్" అవుతాయి. తెలుగులోని ఉత్వ సంధిలో మొదటి మాట చివరి అచ్చు పోయినట్లే ఇక్కడ కూడా పోతుంది.

ఈ విధానము మాటలోను, సామాన్యమైన రాతలోను చెల్లుతుంది. మరీ చనువుగా గాని, మరీ గ్రాంథికముగా గాని అనిపించదు. కొత్తగా నేర్చుకొనేవారికి క్షేమమైనది ఇదే.

కర్త, క్రియల తారుమారు

మూడవ విధానములో "వూ పార్లే" (మీరు మాట్లాడతారు) కాస్తా "పార్లే-వూ" అవుతుంది. క్రియకు, సర్వనామమునకు మధ్య రాతలో చిన్న అడ్డగీత తప్పనిసరి.

"పార్లే-వూ ఫ్రాఁసే?" (మీరు ఫ్రెంచి మాట్లాడతారా?)

ఉత్తరములు, పత్రికలు, ఉపన్యాసములు, పరీక్షలు మొదలైన వాటిలో ఇది గౌరవమైన పద్ధతి. ఇందులో గమనించవలసిన నియమములు కొన్ని ఉన్నాయి.

అదనపు "త్" ధ్వని

"ఇల్ పార్ల్" (అతడు మాట్లాడతాడు) అనే వాక్యమును తారుమారు చేస్తే "పార్ల్-ఇల్" కావాలి. కాని ప్రథమ పురుష ఏకవచనములో క్రియ రాతలో అచ్చుతో ముగిస్తే, మధ్యలో ఒక "త్" చేరుతుంది. ఆ విధముగా "పార్ల్-తిల్" (అతడు మాట్లాడతాడా?), "పార్ల్-తెల్" (ఆమె మాట్లాడుతుందా?) అనే రూపములు ఏర్పడతాయి. రాతలో ఈ అదనపు అక్షరమునకు రెండు వైపులా అడ్డగీతలు ఉంటాయి.

దీనికి అర్థమేమీ లేదు. "దోర్-తిల్" (అతడు నిద్రపోతున్నాడా?) వంటి వాటిలో క్రియ చివర రాతలో ఉండి, మామూలుగా పలకని "త్" అచ్చుకు ముందు వినిపిస్తుంది. ఆ పోలికతోనే "త్" లేని క్రియలకు కూడా ఇది వ్యాపించింది. "ప్రాఁ-తిల్" (అతడు తీసుకొంటాడా?) అనే చోట రాతలో ఉన్నది "ద్" ను సూచించే అక్షరమైనా పలికేది "త్" మాత్రమే. ప్రథమ పురుష బహువచనములో (వారు) క్రియ చివరనే ఈ అక్షరము ఉంటుంది గనుక అదనముగా చేర్చనక్కరలేదు. అందువలన "అతడు మాట్లాడతాడా?", "వారు మాట్లాడతారా?" అనే రెండు ప్రశ్నలు ఫ్రెంచిలో ఒకే విధముగా "పార్ల్-తిల్" అని వినిపిస్తాయి. వాటి భేదము రాతలోనే తెలుస్తుంది.

కర్త నామవాచకమైనప్పుడు

కర్త స్థానములో "రైలు" వంటి నామవాచకము ఉంటే, సంపూర్ణ ప్రశ్నలో దానిని క్రియ తరువాతకు నెట్టకూడదు. నామవాచకమును మొదటనే ఉంచి, దానికి బదులుగా ఒక సర్వనామమును క్రియ తరువాత చేర్చాలి.

"ల త్రేఁ అరీవ్-తిల్ ఆ మిదీ?" (రైలు మధ్యాహ్నము పన్నెండు గంటలకు వస్తుందా?)

మాటకు మాటగా చెబితే "రైలు వస్తుందా అది మధ్యాహ్నానికి?" అన్నట్లు ఉంటుంది. పాత ఫ్రెంచిలో నామవాచకము కూడా నేరుగా క్రియ తరువాత రాగలిగేది. తరువాతి కాలములో ఆ పద్ధతి సంపూర్ణ ప్రశ్నల నుండి తొలగిపోయింది.

"నేను" కర్త అయినప్పుడు

"జ" (నేను) అనే సర్వనామమును అన్ని క్రియల తరువాతకు మార్చరు. "ఎ-జ్" (నాకు ఉన్నదా?), "స్వి-జ్" (నేను … అయి ఉన్నానా?), "ద్వా-జ్" (నేను … చేయాలా?) వంటి కొన్ని రూపములే వాడుకలో ఉన్నాయి. "చేయగలను" అనే అర్థములో సామాన్య వాక్యములో "జ పె" అంటారు, కాని ప్రశ్నలో ఆ క్రియకు మరొక రూపము వచ్చి "ప్వి-జ్" అవుతుంది. ఇది అనుమతి కోరడానికి వాడే మర్యాదైన మాట. మిగిలిన క్రియలతో "ఎస్ క" వాడడమే మేలు.

సంయుక్త కాలములు

జరిగిపోయిన పనిని తెలిపే కాలములో ప్రధాన క్రియకు ముందు సహాయక క్రియ ఉంటుంది. తారుమారు అయ్యేది ఈ సహాయక క్రియతోనే. "వూ-జావే మాఁజే" (మీరు తిన్నారు) అనే వాక్యము "ఆవే-వూ మాఁజే?" (మీరు తిన్నారా?) అవుతుంది. "మాఁజే" చివరనే ఉండిపోతుంది.

ప్రశ్న కాని తారుమారు

క్రియ ముందు, కర్త తరువాత వచ్చినంత మాత్రమున ప్రతి వాక్యము ప్రశ్న కాదు. కథలలో మాటలను ఉటంకించిన తరువాత వచ్చే "దీ-తిల్" కు "అన్నాడతడు" అని అర్థము. "బహుశా" అనే అర్థమిచ్చే "పెతెత్ర్" అనే మాటతో వాక్యము మొదలైనప్పుడు కూడా గ్రాంథిక భాషలో ఈ తారుమారు జరుగుతుంది.

ప్రశ్నార్థక పదములు

పాక్షిక ప్రశ్నలలో వాడే ముఖ్యమైన పదములు ఇవి:

* కి – ఎవరు, ఎవరిని
* క, క్వా – ఏమి, దేనిని
* ఊ – ఎక్కడ, ఎక్కడికి
* కాఁ – ఎప్పుడు
* కొమాఁ – ఎలా
* పూర్క్వా – ఎందుకు
* కొఁబ్యేఁ – ఎంత, ఎన్ని, ఎందరు
* కెల్ – ఏ
* లకెల్ – (వాటిలో) ఏది

"ఊ" అనే ధ్వనికే ఫ్రెంచిలో "లేదా" అనే అర్థము కూడా ఉన్నది. రాతలో ఆ అక్షరముపై చిన్న వాలుగీత ఉంటే "ఎక్కడ", లేకపోతే "లేదా".

"కెల్" అనే మాట తరువాతి నామవాచకపు లింగ వచనములను అనుసరించి నాలుగు విధములుగా రాస్తారు. ఉచ్చారణ మాత్రము ఒక్కటే. "కెల్ లీవ్ర్" (ఏ పుస్తకము) పుంలింగము, "కెల్ వీల్" (ఏ నగరము) స్త్రీలింగము. తరువాతి మాట అచ్చుతో మొదలైనప్పుడు బహువచనము చెవికి తెలుస్తుంది. "కెలామీ" అంటే "ఏ స్నేహితుడు", "కెల్-జామీ" అంటే "ఏ స్నేహితులు".

"కొఁబ్యేఁ" తెలుగులోని మూడు మాటల పని ఒక్కటే చేస్తుంది. ఎంత నీరు, ఎన్ని పుస్తకములు, ఎందరు మనుషులు అనే మూడు చోట్లా ఇదే మాట వాడతారు. తరువాత "ద" అనే విభక్తి వంటి మాట చేరాలి. ఉదాహరణకు "కొఁబ్యేఁ ద లీవ్ర్?" (ఎన్ని పుస్తకములు?).

ప్రశ్నార్థక పదముల స్థానము

"నువ్వు ఎక్కడికి వెళ్తున్నావు?" అనే ఒక్క ప్రశ్నను ఈ విధములుగా అడగవచ్చును:

* "ఊ వా-త్యు?" – గ్రాంథికము, మర్యాదైన రాత
* "ఊ ఎస్ క త్యు వా?" – సామాన్యము
* "త్యు వా ఊ?" – చనువైన సంభాషణ
* "ఊ త్యు వా?" – చనువైన సంభాషణ

మూడవ రూపములో ప్రశ్నార్థక పదము ముందుకు జరగకుండా, జవాబు రావలసిన చోటనే ఉండిపోతుంది. "త్యు వా ఆ పారీ" (నువ్వు పారిస్ వెళ్తున్నావు) అనే వాక్యములో ఊరిపేరు చెప్పే భాగమును తీసి "ఊ" పెడితే ప్రశ్న తయారవుతుంది. తెలుగులో "నువ్వు పారిస్ వెళ్తున్నావు", "నువ్వు ఎక్కడికి వెళ్తున్నావు" అన్నప్పుడు జరిగేదీ ఇదే. అందుచేత తెలుగు వారికి ఇది సులువుగా అబ్బుతుంది.

కర్త నామవాచకమైనప్పుడు, "ఊ", "కాఁ" వంటి మాటల తరువాత నామవాచకమును నేరుగా క్రియ తరువాత ఉంచవచ్చు. ఉదాహరణకు "ఊ వా ల త్రేఁ?" (రైలు ఎక్కడికి వెళ్తుంది?). "పూర్క్వా" (ఎందుకు) తో మాత్రము ఇలా చేయరు. అక్కడ సర్వనామమును చేర్చే పద్ధతినే పాటిస్తారు.

విభక్తుల పని చేసే "ఆ" (కు), "ఆవెక్" (తో), "ద" (నుండి, గురించి) వంటి మాటలు ప్రశ్నార్థక పదమునకు ముందే రావాలి. "ఆవెక్ కి పార్ల్-త్యు?" అంటే "ఎవరితో మాట్లాడుతున్నావు?" అని అర్థము. తెలుగులో "తో" అనేది "ఎవరి" ని విడిచి ఉండలేనట్లే, ఫ్రెంచిలో "ఆవెక్" ను "కి" నుండి విడదీసి వాక్యము చివర వదిలివేయకూడదు.

ఎవరు, ఏమి: నాలుగు రూపములు

"ఎస్ క" తో "ఎవరు", "ఏమి" అనే మాటలు కలిసినప్పుడు నాలుగు రూపములు ఏర్పడతాయి. విద్యార్థులు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

* "కి ఎస్ కి షాఁత్?" – ఎవరు పాడుతున్నారు?
* "కి ఎస్ క త్యు వ్వా?" – నువ్వు ఎవరిని చూస్తున్నావు?
* "కెస్ కి స పాస్?" – ఏమి జరుగుతున్నది?
* "కెస్ క త్యు ఫే?" – నువ్వు ఏమి చేస్తున్నావు?

గుర్తుంచుకోవడానికి ఒక సులువైన సూత్రము ఉన్నది. మొదటి మాట మనిషినా, వస్తువునా అన్నది తెలుపుతుంది: "కి" అయితే మనిషి, "క" అయితే వస్తువు. చివరి మాట కర్తనా, కర్మనా అన్నది తెలుపుతుంది: "కి" అయితే కర్త, "క" అయితే కర్మ. తెలుగులో "ఎవరు", "ఎవరిని" అని విభక్తి చేసే పనిని ఫ్రెంచిలో ఈ చివరి మాట చేస్తుంది.

"ఎవరు" కర్త అయినప్పుడు క్లుప్తముగా "కి షాఁత్?" అన్నా చాలు. అడిగేది పలువురి గురించి అయినా ఇక్కడ క్రియ సాధారణముగా ఏకవచనములోనే ఉంటుంది.

"క" అనే మాట వాక్యము చివర నిలువలేదు. అక్కడ అది "క్వా" గా మారుతుంది: "త్యు ఫే క్వా?" (ఏం చేస్తున్నావు?). ఎదుటివారి మాట వినబడనప్పుడు ఒంటిగా "క్వా?" అనడము మోటుగా వినిపిస్తుంది. పెద్దలతోను, పరిచయము లేనివారితోను "పార్దోఁ?" (క్షమించండి?) గాని, "కొమాఁ?" గాని అనాలి.

వ్యతిరేక ప్రశ్నలు, జవాబులు

తెలుగులో జవాబులకు "అవును", "కాదు" ఉన్నట్లు ఫ్రెంచిలో "వీ", "నోఁ" ఉన్నాయి. వీటితో పాటు "సీ" అనే మూడవ మాట కూడా ఉన్నది. ప్రశ్న వ్యతిరేకార్థములో ఉండి, జవాబు దానిని ఖండించేటప్పుడు "సీ" వాడాలి.

"త్యు న వ్యేఁ పా?" (నువ్వు రావడము లేదా?) అనే ప్రశ్నకు జవాబులు:

* "సీ, జ వ్యేఁ." – లేదు, వస్తున్నాను.
* "నోఁ, జ న వ్యేఁ పా." – అవును, రావడము లేదు.

తెలుగులో ఇటువంటి ప్రశ్నకు "అవును, రావడము లేదు" అని ఎదుటివారి మాటతో ఏకీభవిస్తూ చెప్పడము సహజము. అదే అలవాటుతో ఫ్రెంచిలో "వీ" అంటే వినేవారు అయోమయములో పడతారు, లేదా పూర్తిగా వ్యతిరేకముగా అర్థము చేసుకొంటారు.

వాక్యము చివర "నెస్ పా?" చేరిస్తే తెలుగులోని "కదా?" అనే అర్థము వస్తుంది. కర్త ఎవరైనా, కాలము ఏదైనా దాని రూపము మారదు.

పరోక్ష ప్రశ్నలు

ప్రశ్న మరొక వాక్యములో భాగమైనప్పుడు తారుమారు గాని, "ఎస్ క" గాని ఉండకూడదు. సంపూర్ణ ప్రశ్నకు బదులు "సి" వస్తుంది. "కెస్ క" కు బదులు "స క" వస్తుంది. మిగిలిన ప్రశ్నార్థక పదములు అలాగే ఉంటాయి.

* "జ న సే పా సిల్ వ్యేఁ." – అతడు వస్తాడో లేదో నాకు తెలియదు.
* "జ న సే పా ఊ ఇల్ వా." – అతడు ఎక్కడికి వెళ్తున్నాడో నాకు తెలియదు.
* "జ న సే పా స కిల్ ఫే." – అతడు ఏమి చేస్తున్నాడో నాకు తెలియదు.

తెలుగులో ఇటువంటి చోట "ఆ" బదులు "ఓ" వస్తుంది. "వస్తాడా" అనే ప్రశ్న "వస్తాడో" అయినట్లే, ఫ్రెంచిలో "ఎస్ క" కాస్తా "సి" అవుతుందని గుర్తుంచుకోవచ్చును.

ఒక పదమును నొక్కి అడగడము

తెలుగులో "ఆ" ప్రత్యయమును ఏ పదమునకైనా చేర్చి, సందేహము దేనిపైనో తెలుపవచ్చు. "నువ్వు రేపు వస్తావా?" అనే ప్రశ్న రాకను గురించినది. "నువ్వు వచ్చేది రేపా?" అనేది రోజును గురించినది. ఫ్రెంచిలో ఈ రెండవ ప్రశ్నకు "సే … క" అనే చట్రమును వాడి, సందేహమున్న పదమును మధ్యలో ఉంచుతారు: "సే దమేఁ క త్యు వ్యేఁ?".

ఫ్రెంచిలో ప్రశ్నార్థక ప్రత్యయము

ప్రామాణిక ఫ్రెంచిలో తెలుగు "ఆ" వంటి ప్రత్యయము లేకపోయినా, జానపదుల వాడుకలో అటువంటిది పుట్టింది. "పార్ల్-తిల్" వంటి మాటలలో చివరి "ల్" ను వాడుకలో పలకకపోవడముతో "తి" మిగిలింది. క్రమముగా జనులు దానిని ప్రశ్నను తెలిపే గుర్తుగా భావించి, కర్త ఎవరైనా సరే క్రియ తరువాత చేర్చసాగారు. "త్యు వ్యేఁ-తి?" (నువ్వు వస్తున్నావా?) వంటి వాక్యములు ఈ విధముగా ఏర్పడ్డాయి. భాషా శాస్త్రజ్ఞుడు గాస్తోఁ పారీ 1877లో ఈ "తి" ని గురించి ఒక వ్యాసము ప్రచురించాడు.

ఫ్రాన్సులో పాఠశాల విద్య ప్రభావము వలన ఇది చాలావరకు మరుగున పడింది. కెనడాలోని క్యుబెక్ రాష్ట్రములో మాత్రము ఇటువంటి ప్రత్యయము "త్యు" అనే రూపములో నేటికీ సజీవముగా ఉన్నది. "సా వా-త్యు?" (బాగున్నావా?), "ఇల్ వ్యేఁ-త్యు?" (అతడు వస్తాడా?) అని అక్కడి వారు సంభాషణలో అంటారు. ఇక్కడి "త్యు" కు "నువ్వు" అనే అర్థము లేదు. ఇది సంపూర్ణ ప్రశ్నలలోనే వస్తుంది, ఎవరు, ఎక్కడ వంటి మాటలు ఉన్నప్పుడు రాదు. క్రియ చివర చేరడములోను, ఈ పరిమితిలోను ఇది తెలుగు "ఆ" ను పోలి ఉన్నది. అయితే ఇది మాటలకే పరిమితము. అధికారికమైన రాతలో వాడరు.

ఒకే ప్రశ్న, నాలుగు సందర్భములు

"రైలు ఎన్ని గంటలకు బయలుదేరుతుంది?" అనే ప్రశ్నను పరిశీలిస్తే తేడా స్పష్టమవుతుంది.

* "ల త్రేఁ పార్ ఆ కెల్ ఎర్?" – తోటి ప్రయాణికుడైన స్నేహితునితో
* "ఆ కెల్ ఎర్ ఎస్ క ల త్రేఁ పార్?" – టిక్కెట్ల కిటికీ వద్ద ఉద్యోగితో
* "ఆ కెల్ ఎర్ పార్ ల త్రేఁ?" – మాటలోను, రాతలోను
* "ఆ కెల్ ఎర్ ల త్రేఁ పార్-తిల్?" – ఉత్తరములో, గ్రంథములో

వీటిలో ఏదీ తప్పు కాదు. కాని చివరి రూపమును స్నేహితుల మధ్య వాడితే పుస్తకము చదివినట్లు ఉంటుంది. మొదటి రూపమును పరీక్షలో రాస్తే మార్కులు తగ్గవచ్చు. సంభాషణలో కూడా తారుమారు రూపములోనే నిలిచిపోయిన వాక్యములు కొన్ని ఉన్నాయి. "కొమాఁ తాలే-వూ?" (మీరు ఎలా ఉన్నారు?), "కెల్ ఎర్ ఎతిల్?" (గంట ఎంతయింది?) అటువంటివి.

"త్యు", "వూ" ల భేదము తెలుగులోని "నువ్వు", "మీరు" ల భేదమునకు దగ్గరగా ఉంటుంది. ఒక్క వ్యక్తినే గౌరవించినా "వూ" తో బహువచన క్రియను వాడడము కూడా తెలుగు పద్ధతి వంటిదే. ప్రశ్న రూపము ఎంత గౌరవమైనదైనా, పరిచయము లేని పెద్దవారిని "త్యు" అని సంబోధిస్తే ఆ గౌరవము నిలువదు.

తెలుగు వారు తరచుగా చేసే పొరపాట్లు

1954 వరకు ఫ్రెంచి పాలనలో ఉన్న యానాం తెలుగు వారి ఊరే కావడముతో, తెలుగు నేలకు ఫ్రెంచి భాషతో పాత పరిచయమున్నది. నేడు చదువుల కొరకు, ఉద్యోగముల కొరకు ఫ్రాన్సుకు, క్యుబెక్‌కు వెళ్ళే తెలుగు విద్యార్థులు ఈ భాషను నేర్చుకొంటున్నారు. వారు ఈ క్రింది విషయములను గమనించాలి.

* కర్తను వదిలివేయడము. తెలుగులో "వస్తావా?" అంటే సరిపోతుంది. ఫ్రెంచిలో సర్వనామము లేకుండా "వ్యేఁ" అంటే అది "రా!" అనే ఆజ్ఞ అవుతుంది.
* రెండు విధానములను కలపడము. "ఎస్ క పార్లే-వూ" అనేది తప్పు. "ఎస్ క" వాడితే తారుమారు చేయరాదు.
* వ్యతిరేక ప్రశ్నకు "సీ" అనవలసిన చోట "వీ" అనడము.
* పరోక్ష ప్రశ్నలో "ఎస్ క" ను వదలకపోవడము.
* రాతలో క్రియకు, సర్వనామమునకు మధ్య అడ్డగీతను మరచిపోవడము.

మొదట "ఎస్ క" విధానమును స్థిరపరచుకొని, వినేటప్పుడు స్వరభేదమును గుర్తించడము అలవాటు చేసుకొని, రాత కొరకు తారుమారు విధానమును సాధన చేస్తే మూడు విధానములు క్రమముగా పట్టుబడతాయి.